ఐసీయూలో క్షయ మందులు: రాసిన మోతాదు రోగి రక్తానికి చేరేలా చూసుకోవడం ఎలా

వెంటిలేటర్ మీద ఉన్న రోగికి తెల్లవారుజామున క్షయ మాత్రలు నూరి, రైల్స్ ట్యూబు ద్వారా కడుపులోకి పంపి, చార్టులో టిక్కు పెట్టేస్తే ఆ పూటకు మందు పడినట్టేనని అనుకుంటాం. ఆ టిక్కు మందు ట్యూబులోకి వెళ్లిందని మాత్రమే చెబుతుంది. అక్కడి నుంచి అది పేగు గోడ దాటిందా, రక్తంలో చాలినంత ఎత్తుకు లేచిందా, ఊపిరితిత్తికో మెదడుకో చేరిందా, ఎంతసేపు నిలిచిందా అన్నవి చార్టుకు అందని సంగతులు. నడిచి వచ్చి మందు తీసుకునే రోగిలో ఇవన్నీ దాదాపు వాటంతట అవే జరిగిపోతాయి కనుక వాటి గురించి మనం ఆలోచించం. షాక్‌లో, అంటే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయిన స్థితిలో, ఉన్న రోగిలో వీటిలో ఏ ఒక్కటీ మామూలుగా జరుగుతుందని నమ్మడానికి వీల్లేదు. అటువంటి రోగికి క్షయ మందులు ఇచ్చే వైద్యులు, నర్సులు, ఫార్మసిస్టులు పడక పక్కన ఏ వరుసలో ఏం చూసుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

ముందు బరువు తేల్చుకోవాలి

మొదటి వరుస మందులన్నింటికీ మోతాదు బరువును బట్టే నిర్ణయమవుతుంది. పెద్దవారికి రోజుకు కిలోకు ఐసోనియాజిడ్ సుమారు 5 మి.గ్రా., రిఫాంపిసిన్ 10 మి.గ్రా., పైరజినమైడ్ 25 మి.గ్రా., ఇథాంబుటాల్ 15 మి.గ్రా. అన్నది అందరికీ తెలిసిన లెక్కే. చిక్కు ఏమిటంటే, ఐసీయూలో బరువు అనేది స్థిరంగా ఉండే అంకె కాదు. ఉదాహరణకు 52 కిలోలతో చేరిన స్త్రీకి సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) చికిత్సలో భాగంగా సెలైన్ ఎక్కించగా, నాలుగో రోజు పడక తూకం 61 కిలోలు చూపించిందనుకుందాం. నాలుగు మందులు కలిసిన మిశ్రమ మాత్రల మోతాదు పట్టికల్లో కొన్నింటి ప్రకారం ఆమె ఒక్కసారిగా మూడు మాత్రల గడి నుంచి నాలుగు మాత్రల గడికి జారిపోతుంది. పెరిగిన ఆ తొమ్మిది కిలోలు నీరే తప్ప మందును విరిచే కాలేయమూ కాదు, మందు చేరవలసిన కణజాలమూ కాదు. కాబట్టి ఈ నాలుగు మందులకూ చేరిన రోజు బరువును, అదీ నమ్మదగినది కాకపోతే ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువును చార్టు పైన రాసిపెట్టి, దాన్నే వాడాలి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు నీటిలో కరిగి, కణాల వెలుపలి ద్రవంలోనే తిరుగుతాయి. ఒళ్లంతా వాచిన రోగిలో ఆ ద్రవం పరిమాణం పెరిగిపోతుంది కనుక అదే మోతాదుకు వాటి గరిష్ఠ స్థాయి పడిపోతుంది. అందువల్ల వాటి మొదటి మోతాదును తగ్గించకూడదు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్న భయంతో మొదటి ఇంజెక్షనే కోసేయడం తరచుగా కనిపించే పొరపాటు. మూత్రపిండాల పనితీరును బట్టి మారవలసింది రెండు మోతాదుల మధ్య ఎడమే.

ట్యూబు దగ్గర జరిగేది

నా అనుభవంలో మందు ఎక్కువగా పోయేది ఇక్కడే. మందు పోయిన సంగతి మన దృష్టికి రావడం కూడా ఇక్కడే అన్నిటికన్నా తక్కువ. అందుకే ఈ భాగాన్ని కొంచెం నెమ్మదిగా చదవమని కోరుతున్నాను.

రిఫాంపిసిన్‌కు ఖాళీ కడుపు కావాలి. ఆహారంతో కలిస్తే దాని గరిష్ఠ స్థాయి దాదాపు మూడో వంతు తగ్గుతుంది. ఐసోనియాజిడ్ కూడా ఆహారంతో తగ్గుతుంది. ఐసీయూలో ట్యూబు ఆహారం ఇరవై నాలుగు గంటలూ సన్నధారగా పోతూ ఉంటుంది కనుక, ఎవరో ఒకరు కావాలని పంపును ఆపితే తప్ప అక్కడ ఖాళీ కడుపు అన్నదే ఉండదు. మందుకు రెండు గంటల ముందు ఆహారం ఆపడం, మందు తర్వాత కనీసం ఒక గంట ఆగి తిరిగి మొదలుపెట్టడం ఆచరణకు వీలైన పద్ధతి. ఆ మూడు గంటలూ ఇన్సులిన్ ధార నడుస్తూ ఉంటే చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఆహారం ఆపిన ప్రతిసారీ ఇన్సులిన్ వేగాన్ని కూడా చూడాలన్న మాట మందుల చీటీలోనే రాసి ఉండాలి. కోల్పోయిన ఆహారాన్ని మిగిలిన గంటల్లో వేగం పెంచి పూరించవచ్చు.

మాత్రలు నూరడంలోనూ ఒక మెలకువ ఉంది. రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్ రెండూ ఆమ్లపు నీటిలో కలిసి ఉంటే, ఐసోనియాజిడ్ సమక్షంలో రిఫాంపిసిన్ మరింత వేగంగా విరిగి పనికిరాని పదార్థంగా మారుతుంది. మిశ్రమ మాత్రను నూరి, నీళ్లలో కలిపి, ఇతర పనుల మధ్య ఆ గిన్నెను అరగంట పక్కన ఉంచితే మందు మొదలవకముందే తరుగు మొదలైనట్టే. అందువల్ల వీలైతే విడి మందులు తెప్పించుకోవాలి. రిఫాంపిసిన్ గుళికను విప్పి ఇరవై, ముప్పై మిల్లీలీటర్ల మామూలు నీటిలో కలిపి వెంటనే ఇచ్చి, ట్యూబును నీటితో కడిగి, ఆ తర్వాతే మిగిలిన వాటిని ఒక్కొక్కటిగా కలిపి ఇవ్వాలి. గ్లూకోజు నీళ్లు, పండ్ల రసం వాడకూడదు. ఐసోనియాజిడ్ గ్లూకోజుతో రసాయనికంగా జతకట్టి శోషణకు దూరమవుతుంది. ద్రవరూప ఐసోనియాజిడ్‌లో సాధారణంగా సార్బిటాల్ ఉంటుంది. విరేచనాలు మొదలైతే ట్యూబు ఆహారాన్ని తప్పుపట్టే ముందు ఆ సీసా మీది చీటీ చదవడం మంచిది.

ట్యూబు కొన ఎక్కడుందో కూడా తెలియాలి. కడుపు ఖాళీ కావడం మందగించినప్పుడు ట్యూబును చిన్నపేగులోకి దించడం ఐసీయూలో మామూలే. క్షయ మందులు ప్రధానంగా చిన్నపేగు మొదటి భాగంలోనే శోషణ అవుతాయి కనుక, ట్యూబు కొన బాగా కిందికి వెళ్లిందంటే మందుకు దొరకవలసిన దారిలో కొంత భాగం ముందే తప్పిపోయినట్టు. రక్తపోటును నిలిపే నోర్ ఎపినెఫ్రిన్ ఎక్కువ మోతాదులో నడుస్తున్న రోగిలో పేగులకు రక్తప్రసరణ తగ్గుతుంది, పేగు గోడ వాస్తుంది, కదలిక మందగిస్తుంది. ప్రతి నాలుగు గంటలకూ ట్యూబు లాగి చూస్తే రెండు వందలు, మూడు వందల మిల్లీలీటర్లు తిరిగి వస్తున్న రోగికి ఆ ట్యూబులోనే మందు వేస్తూ పోవడం చికిత్స చేస్తున్నామన్న తృప్తినిస్తుందేమో గానీ రోగికి ఒరిగేది తక్కువ. లాగిన ద్రవం ఎర్రగా ఉంటే అందులో పొద్దున వేసిన రిఫాంపిసిన్ ఉందని అర్థం. దాన్ని కొలిచి పారబోసే ముందు, ఎంత మందు వెనక్కి వచ్చిందోనని ఒక్క క్షణం ఆలోచించాలి.

అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్లు ఐసోనియాజిడ్, ఇథాంబుటాల్, ఫ్లోరోక్వినలోన్లను (లెవోఫ్లాక్సాసిన్, మోక్సిఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లను) పట్టుకుని శోషణను తగ్గిస్తాయి. కడుపు పుండ్లకు ఇచ్చే సుక్రాల్ఫేట్‌లో కూడా అల్యూమినియమే ఉంది. ట్యూబు ఆహారంలోని కాల్షియం, ఇనుము, జింకు కూడా లెవోఫ్లాక్సాసిన్, మోక్సిఫ్లాక్సాసిన్‌ల విషయంలో ఇదే పని చేస్తాయి. వీటిని కొన్ని గంటల ఎడంతో ఇవ్వాలి.

పేగు పనిచేయడం లేదని తేలినప్పుడు సిరలోకి మారడానికి వెనుకాడకూడదు. రిఫాంపిసిన్, లెవోఫ్లాక్సాసిన్, మోక్సిఫ్లాక్సాసిన్, లినెజోలిడ్, అమికాసిన్‌లకు సిరలోకి ఎక్కించే రూపాలున్నాయి. ఐసోనియాజిడ్‌కు ఇంజెక్షన్ ఉంది గానీ ప్రతిచోటా దొరకదు. పైరజినమైడ్‌కు అలాంటి రూపం వాడుకలో లేదు. రిఫాంపిసిన్‌ను గబుక్కున ఇవ్వకూడదు. పలుచన చేసిన పరిమాణాన్ని బట్టి అరగంట నుంచి మూడు గంటల్లో ఎక్కించాలి, సిర బయటికి కారకుండా చూసుకోవాలి, గుండె మందు డిల్టియాజెమ్ నడుస్తున్న లైనులో కలపకూడదు. షాక్ తగ్గి, ట్యూబు ఆహారం నిలకడగా ఇముడుతున్నాక తిరిగి ట్యూబు మార్గానికి రావచ్చు.

నాలుగు మందులు, నాలుగు స్వభావాలు

రిఫాంపిసిన్ కొవ్వులో కరిగే మందు. రక్తంలో దాదాపు ఎనభై శాతం ప్రోటీన్లకు అంటుకుని తిరుగుతుంది, కాలేయంలో మారి పైత్యరసం ద్వారా పోతుంది. దీనికి రెండు విచిత్రమైన గుణాలున్నాయి. తన్ను విరిచే ఎంజైములను తానే పెంచుకుంటుంది కాబట్టి మొదటి రోజు కంటే రెండో వారానికి అదే మోతాదుకు రక్తస్థాయి తక్కువగా ఉంటుంది. మొదటి వారంలో కొలిచిన స్థాయిని చూసి నిశ్చింతగా ఉండరాదనడానికి కారణం ఇదే. రెండవది, మోతాదు పెంచితే స్థాయి అంతకు మించి పెరుగుతుంది. 600 నుంచి 900 మి.గ్రా.కు వెళితే స్థాయి ఒకటిన్నర రెట్లకు మించి పెరగడం మామూలు. రక్తంలోని ప్రధాన ప్రోటీన్ ఆల్బుమిన్ బాగా పడిపోయిన రోగిలో ప్రోటీన్‌కు అంటని భాగం పెరుగుతుంది. ప్రయోగశాల ఇచ్చే అంకె మొత్తం మందుది కనుక అది నిజమైన ప్రభావాన్ని కొంత తక్కువగా చూపవచ్చు. మూత్రం, చెమట, డయాలసిస్ ద్రవం నారింజ రంగుకు తిరిగితే మందు కొంత లోపలికి వెళ్లిందని మాత్రమే తెలుస్తుంది. స్థాయి చాలిందనడానికి ఆ రంగు సాక్ష్యం కాదు. ఈ రంగు చూసి తృప్తిపడే అలవాటు మనలో చాలామందికి ఉంది.

ఐసోనియాజిడ్ ప్రోటీన్లకు పెద్దగా అంటుకోదు, శరీరమంతటా, మెదడు ద్రవంలోకి కూడా, సులువుగా వ్యాపిస్తుంది. దాన్ని కాలేయంలోని ఎన్ఏటీ2 ఎంజైము ఎసిటైలేషన్ ద్వారా తొలగిస్తుంది. ఈ ఎంజైము కొందరిలో పుట్టుకతోనే వేగంగా, కొందరిలో నెమ్మదిగా పనిచేస్తుంది. వేగంగా తొలగించేవారిలో అర్ధాయువు (రక్తంలోని మందు సగానికి తగ్గడానికి పట్టే కాలం) గంట, గంటన్నర ఉంటే నెమ్మదిగా తొలగించేవారిలో రెండు నుంచి నాలుగు గంటలు ఉంటుంది. ఒకే మోతాదుకు ఇద్దరు రోగుల్లో కనిపించే పెద్ద తేడాకు జబ్బు తీవ్రత కంటే ఇదే కారణం కావచ్చు. పిరిడాక్సిన్, అంటే బీ6 విటమిన్, రోజుకు 25 నుంచి 50 మి.గ్రా. తప్పక జతచేయాలి. మందులకు లొంగని మూర్ఛలు అనుకోకుండా మొదలైతే, ముఖ్యంగా మూత్రపిండాలు దెబ్బతిన్న, పోషణ లోపించిన రోగిలో, ఐసోనియాజిడ్‌ను అనుమానించాలి. మోతాదు మించిన సందర్భంలో విరుగుడు పిరిడాక్సినే. ఎన్ని గ్రాముల ఐసోనియాజిడ్ లోపలికి పోయిందో అన్ని గ్రాముల పిరిడాక్సిన్ సిరలోకి ఇవ్వాలి.

పైరజినమైడ్ సాధారణంగా బాగా శోషణ అవుతుంది, మెదడు ద్రవంలోకి దాదాపు రక్తంతో సమానంగా చేరుతుంది. దాన్ని కాలేయం మార్చినా, ఆ మార్పిడి పదార్థాలు పోయేది మూత్రపిండాల ద్వారానే. కాబట్టి ఈ రెండు అవయవాల్లో ఏది చెడినా దీన్ని చూసుకోవాలి. యూరిక్ ఆమ్లం పెరగడం దాని సహజ లక్షణం. ఒక్క ఆ అంకె చూసి మందు ఆపనక్కరలేదు.

ఇథాంబుటాల్ ఎక్కువ భాగం మార్పు లేకుండా మూత్రంలోనే పోతుంది. దాని విషప్రభావం కంటినరం మీద పడుతుంది. ముందుగా పోయేవి ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా, చూపు పదును. మత్తులో ఉన్న రోగి రంగులు మారాయని చెప్పలేడు. అందువల్ల క్రియాటినిన్ (మూత్రపిండాలు రక్తం నుంచి తొలగించే వ్యర్థం) పెరుగుతున్న, మాటలాడలేని రోగిలో ఇథాంబుటాల్‌ను పాత మోతాదులో కొనసాగించడం నాకు ఏనాడూ సమ్మతం కాదు.

మూత్రపిండాలు, డయాలసిస్

ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, మోక్సిఫ్లాక్సాసిన్‌లకు మూత్రపిండాల కోసం మోతాదు మార్చనక్కరలేదు. క్రియాటినిన్ క్లియరెన్స్, అంటే మూత్రపిండాలు దాన్ని రక్తం నుంచి తొలగించే వేగం, నిమిషానికి 30 మిల్లీలీటర్ల కంటే తగ్గినా, రోగి డయాలసిస్‌లో ఉన్నా, పైరజినమైడ్‌ను కిలోకు 25 నుంచి 35 మి.గ్రా., ఇథాంబుటాల్‌ను కిలోకు 15 నుంచి 25 మి.గ్రా., లెవోఫ్లాక్సాసిన్‌ను 750 నుంచి 1000 మి.గ్రా. చొప్పున వారానికి మూడుసార్లు ఇవ్వాలి. గమనించవలసింది ఏమిటంటే, ఒక్కో మోతాదు పరిమాణం తగ్గడం లేదు, ఎడం మాత్రమే పెరుగుతోంది. క్షయ క్రిమిని చంపడానికి గరిష్ఠ స్థాయి ముఖ్యం. చిన్న చిన్న మోతాదులుగా రోజూ ఇస్తే ఆ స్థాయి అందదు. డయాలసిస్ పూర్తయ్యాకే మందులు వేయాలి, లేకపోతే పైరజినమైడ్‌లో పెద్ద భాగం యంత్రంలోకే పోతుంది. ఇలాంటి రోగికి నాలుగు మందుల మిశ్రమ మాత్ర పనికిరాదు. అందులో రెండు మందులు రోజూ కావాలి, మిగిలిన రెండు రోజు విడిచి రోజు కావాలి. మిశ్రమ మాత్రను అలా విడదీయలేం.

రోజంతా నెమ్మదిగా, నిరంతరంగా నడిచే డయాలసిస్ అయిన సీఆర్ఆర్‌టీలో ఈ లెక్క మారుతుంది. యంత్రం రోజంతా కొంత పని చేస్తూ ఉంటుంది కనుక వారానికి మూడుసార్ల పద్ధతి కొందరికి తక్కువ కావచ్చు. రిఫాంపిసిన్ పెద్ద అణువు, ప్రోటీన్లకు అంటుకునేది కాబట్టి యంత్రం దాన్ని పెద్దగా లాగదు. మిగిలిన మందులకు రక్తస్థాయి కొలవడం తప్ప నమ్మకమైన దారి లేదు. యంత్రం గడ్డకట్టి ఆగిన గంటలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. చార్టులో 24 గంటలు అని ఉన్నా నిజంగా నడిచింది పదహారు గంటలే కావచ్చు.

దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి కూడా ఉంది. వయసు తక్కువ ఉండి సెప్సిస్‌తో ఉన్న రోగులు, తలగాయం ఉన్నవారు కొందరిలో మూత్రపిండాలు మామూలు కంటే వేగంగా పనిచేస్తాయి. క్లియరెన్స్ 130 దాటుతుంది. క్రియాటినిన్ 0.5 చూసి అంతా బాగుందనుకుంటాం. లెవోఫ్లాక్సాసిన్, అమికాసిన్, ఇథాంబుటాల్ మాత్రం అదే సమయంలో మూత్రంలోకి పరుగెడుతుంటాయి. క్రియాటినిన్ నుంచి క్లియరెన్స్‌ను అంచనా వేసే సూత్రాలు ఇక్కడ మోసం చేస్తాయి. కొన్ని గంటల మూత్రం పట్టి క్లియరెన్స్ కొలవడమే సరైన పద్ధతి.

కాలేయం చెడినప్పుడు

కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము ఏఎల్‌టీ పెరిగిందంటే క్షయ మందులే కారణమని వెంటనే తేల్చేసి అన్నీ ఆపేస్తే రోగికి మరో ప్రమాదం మొదలవుతుంది. షాక్ వల్ల కాలేయం దెబ్బతిన్నప్పుడు ఏఎల్‌టీ ఒకటి రెండు రోజుల్లోనే వేలల్లోకి లేచి, రక్తపోటు కుదిరాక అంతే వేగంగా దిగడం మొదలుపెడుతుంది, ఎల్‌డీహెచ్ అనే మరో ఎంజైము కూడా బాగా పెరుగుతుంది. మందుల వల్ల వచ్చే దెబ్బ సాధారణంగా రోజుల తరబడి మెల్లగా పెరుగుతుంది. రిఫాంపిసిన్ మొదలుపెట్టిన తొలి రోజుల్లో బిలిరుబిన్ ఒక్కటే కొంచెం పెరగడం దాని రవాణా దారుల్లో ఏర్పడే పోటీ వల్ల, కాలేయ కణాలు చనిపోవడం వల్ల కాదు.

లక్షణాలతో ఏఎల్‌టీ మామూలు గరిష్ఠ హద్దుకు మూడు రెట్లు, లక్షణాలు లేకుండా ఐదు రెట్లు దాటితే పైరజినమైడ్, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ ఆపాలన్నది అందరూ పాటించే హద్దు. మత్తులో ఉన్న రోగి లక్షణాలు చెప్పలేడు కనుక ఐసీయూలో నేను మూడు రెట్ల దగ్గరే మేలుకుంటాను. ఆపిన రోజే ప్రత్యామ్నాయం మొదలవ్వాలి. ఇథాంబుటాల్, లెవోఫ్లాక్సాసిన్, వాటితోపాటు అమికాసిన్ లేదా లినెజోలిడ్ అన్న కూర్పు కాలేయాన్ని పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఏఎల్‌టీ దిగాక రిఫాంపిసిన్‌ను ముందుగా, కొన్ని రోజుల ఎడంతో ఐసోనియాజిడ్‌ను తిరిగి తేవాలి. దెబ్బ తీవ్రంగా ఉంటే పైరజినమైడ్‌ను మళ్లీ ప్రయత్నించకుండా చికిత్స కాలాన్ని పెంచడమే క్షేమం. తొలి దశలో చికిత్స పద్నాలుగు రోజులు లేదా అంతకు మించి ఆగిపోతే ఆ దశను మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందుకే ఆగిన రోజులను చార్టులో ఎవరో ఒకరు లెక్కపెడుతూ ఉండాలి.

రిఫాంపిసిన్ పక్క మందులను ఏం చేస్తుంది

రిఫాంపిసిన్ కాలేయ ఎంజైములను మేల్కొలిపే ప్రభావం కొన్ని రోజుల్లో కనిపించడం మొదలై, సుమారు రెండు వారాలకు పూర్తి స్థాయికి వస్తుంది. ఎనిమిదో రోజు రాత్రి డ్యూటీ డాక్టరుకు పిలుపు వస్తుందనుకుందాం. నిన్నటిదాకా సరిపోయిన మత్తు మందు మిడజోలామ్ ఇప్పుడు సరిపోవడం లేదు, రోగి వెంటిలేటర్‌తో పోరాడుతున్నాడు, నొప్పి మందు ఫెంటనిల్ కూడా పెంచవలసి వస్తోంది. కొత్త ఇన్ఫెక్షనా, మతిభ్రమా అని వెతకడం తప్పు కాదు గానీ, చార్టు వెనక్కి తిప్పి రిఫాంపిసిన్ ఏ తేదీన మొదలైందో కూడా చూడాలి. నోటి ద్వారా ఇచ్చిన మిడజోలామ్ రిఫాంపిసిన్‌తో 90 శాతానికి పైగా తగ్గిపోతుంది. సిరలోకి ఇచ్చినప్పుడు ప్రభావం అంతకంటే తక్కువే అయినా లెక్కలోకి రానంత చిన్నది కాదు.

ఫంగస్ మందు వోరికొనజోల్‌ను రిఫాంపిసిన్‌తో కలపకూడదు, దాని స్థాయి దాదాపు మాయమవుతుంది. మరో ఫంగస్ మందు కాస్పోఫంగిన్ అయితే రోజుకు 70 మి.గ్రా. ఇవ్వాలి. వార్ఫరిన్, అపిక్సాబాన్ వంటి రక్తం పలుచన మందులు పడిపోతాయి కనుక ఆ రోజుల్లో హెపారిన్ నమ్మదగినది. హెచ్ఐవీ మందు డోలుటెగ్రావిర్‌ను రోజుకు రెండుసార్లు ఇవ్వాలి. మూర్ఛ మందు ఫెనిటాయిన్ విషయంలో ఐసోనియాజిడ్ పైకి లాగితే రిఫాంపిసిన్ కిందికి లాగుతుంది. ఎవరు గెలుస్తారో ముందుగా చెప్పలేం, కొలవాలి. మూర్ఛలకు లెవెటిరాసెటామ్ ఎంచుకుంటే ఈ గొడవే ఉండదు. నోర్ ఎపినెఫ్రిన్‌ను రిఫాంపిసిన్ కదిలించదు. రక్తపోటును నిలిపే మందుల అవసరం అకారణంగా పెరుగుతూ ఉంటే మాత్రం మరో సంగతి ఆలోచించాలి. రిఫాంపిసిన్ కార్టిసాల్‌ను వేగంగా విరుస్తుంది. అడ్రినల్ గ్రంథులను క్షయ ముందే తినేసిన రోగిలో రిఫాంపిసిన్ మొదలైన కొద్ది రోజులకే అడ్రినల్ సంక్షోభం రావచ్చు. సోడియం తగ్గి, పొటాషియం పెరిగి ఉంటే హైడ్రోకార్టిసోన్ ఇవ్వడంలో ఆలస్యం చేయకూడదు.

స్థాయి కొలవడం, అంకెను చదవడం

రక్తస్థాయి కొలిచే సదుపాయం ఉంటే ఐసీయూ రోగికి అది వాడాలి. మందు వేసిన రెండు గంటలకు ఒకటి, ఆరు గంటలకు మరొకటి, రెండు నమూనాలు తీయాలి. సాధారణ మోతాదులకు ఆశించే గరిష్ఠ స్థాయిలు లీటరుకు రిఫాంపిసిన్‌కు 8 నుంచి 24 మి.గ్రా., ఐసోనియాజిడ్‌కు 3 నుంచి 6, పైరజినమైడ్‌కు 20 నుంచి 60, ఇథాంబుటాల్‌కు 2 నుంచి 6. నమూనాను తీసిన వెంటనే మంచులో ఉంచి, ప్లాస్మాను వేరుచేసి, దాన్ని శీతలీకరణలో ఘనీభవింపజేసి పంపాలి. రక్తం బల్ల మీదే ఉండిపోతే ఐసోనియాజిడ్ తగ్గిపోతూ ఉంటుంది. వచ్చిన తక్కువ అంకె రోగిదా, బల్లదా అన్నది అప్పుడు తేలదు.

రెండు నమూనాలు ఎందుకో ఒక ఉదాహరణతో చూద్దాం. రిఫాంపిసిన్ ఒక రోగిలో రెండు గంటలకు 2.1, ఆరు గంటలకు 7.4 ఉంది. మరొకరిలో రెండు గంటలకు 1.8, ఆరు గంటలకు 1.2 ఉంది. మొదటి నమూనా ఒక్కటే చూస్తే ఇద్దరూ ఒకటే అనిపిస్తారు. మొదటి రోగిలో కడుపు ఆలస్యంగా ఖాళీ అయింది, మందు లోపలికి వెళ్లింది, వేళ మాత్రమే జారింది. అక్కడ ఆహారం ఆపే సమయాన్ని సరిదిద్దడం, కడుపు కదలికకు మందు ఇవ్వడం చాలవచ్చు. రెండో రోగిలో మందు చాలినంతగా లోపలికి వెళ్లనే లేదు. అక్కడ సిరలోకి మారాలి. అది దొరకకపోతే మోతాదు పెంచి, మళ్లీ కొలవాలి. ఐసీయూ రోగులకు ట్యూబు ద్వారా ఇచ్చిన రిఫాంపిసిన్ స్థాయిలు లక్ష్యం కంటే తక్కువగా ఉండడం దక్షిణాఫ్రికాలో జరిగిన పరిశీలనలోనూ కనిపించింది. రెండో రోగి వంటివారు అరుదు కాదు.

సదుపాయం లేని చోట చేయగలిగింది కూడా ఉంది. పైన చెప్పిన ట్యూబు జాగ్రత్తలన్నీ పాటించడం, ట్యూబు ఆహారమే ఇమడని రోగికి మందు ఇముడుతుందని అనుకోకపోవడం, సిరలోకి ఇవ్వగల మందులను ముందే తెప్పించి ఉంచడం.

మెదడు పొరల క్షయ

ఇక్కడ రక్తస్థాయి సగం కథ మాత్రమే. రిఫాంపిసిన్ మొత్తం స్థాయిలో మెదడు ద్రవంలోకి చేరేది పది, ఇరవై శాతమే. ఇథాంబుటాల్, స్ట్రెప్టోమైసిన్ పొరలు వాచినప్పుడు మాత్రమే కొంత చేరుతాయి. ఐసోనియాజిడ్, పైరజినమైడ్, లెవోఫ్లాక్సాసిన్, లినెజోలిడ్ మేలుగా చేరుతాయి. ఇండొనేషియాలో జరిగి 2013లో వెలువడిన ఒక చిన్న పరీక్షలో రిఫాంపిసిన్‌ను సిరలోకి 600 మి.గ్రా., అంటే కిలోకు సుమారు 13 మి.గ్రా. ఇచ్చినప్పుడు మరణాలు తగ్గాయి. వియత్నాంలో 817 మందిపై జరిగి 2016లో వెలువడిన పరీక్షలో నోటి ద్వారా కిలోకు 15 మి.గ్రా.కు పెంచి, లెవోఫ్లాక్సాసిన్ జతచేసినా ప్రాణాలు అదనంగా నిలవలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి నేను గ్రహించింది ఇంతే: స్పృహలేని, పేగు నమ్మదగని రోగికి తొలి రెండు వారాలు సిర మార్గం దొరికితే వాడుకోవడం సబబు. మోతాదు పెంచడమే మంత్రమని అనుకోవడం మాత్రం సబబు కాదు.

స్టెరాయిడ్ అయిన డెక్సామెథాసోన్‌ను రిఫాంపిసిన్ గట్టిగా తగ్గిస్తుందన్న మాట నిజమే. అయినా ఈ జబ్బులో దాని మేలును చూపిన వియత్నాం పరీక్షలో, 2004లో, రోగులు రిఫాంపిసిన్ తీసుకుంటూనే జబ్బు తీవ్రతను బట్టి రోజుకు కిలోకు 0.3 లేదా 0.4 మి.గ్రా.తో మొదలుపెట్టి దాన్ని పొందారు. కాబట్టి ఆ మోతాదును అలవాటుగా రెట్టింపు చేయనక్కరలేదు.

మందులకు లొంగని క్షయ ఉన్నప్పుడు

బెడాక్విలిన్‌కు రిఫాంపిసిన్‌కు ఎదురు స్వభావం ఉంది. దానికి ఆహారం కావాలి, ఆహారంతో శోషణ సుమారు రెట్టింపవుతుంది. అందువల్ల ట్యూబు ఆహారం ఆపకూడదు. మాత్రను నీటిలో కలిపి ఇవ్వవచ్చు. శరీరంలో నెలల తరబడి నిలుస్తుంది కనుక ఈసీజీలో క్యూటీ పొడవు (గుండె ప్రతి కొట్టుకు మధ్య తిరిగి సిద్ధమయ్యే వ్యవధి) పెరిగితే మందు ఆపినంత మాత్రాన అది వెంటనే దిగదు. మోక్సిఫ్లాక్సాసిన్, హలోపెరిడాల్, ఆన్డాన్‌సెట్రాన్ కూడా తోడైతే పొటాషియం, మెగ్నీషియం రోజూ సరిచూస్తూ ఈసీజీ తీయాలి. లినెజోలిడ్ నోటి ద్వారా ఇచ్చినా దాదాపు పూర్తిగా చేరుతుంది. దాని వల్ల పెరిగే లాక్టేట్‌ను సెప్సిస్ అనుకుని సెలైన్ ఎక్కిస్తూ పోకుండా, ప్లేట్‌లెట్లు కూడా దిగుతున్నాయేమో చూడాలి. ఫెంటనిల్, ట్రమడాల్ వంటివాటితో సెరొటోనిన్ విషప్రభావం, రక్తపోటును నిలిపే మందులతో రక్తపోటు అనుకోనంతగా పెరగడం రావచ్చు. రిఫాంపిసిన్‌తో కలిపి ఇస్తే లినెజోలిడ్, మోక్సిఫ్లాక్సాసిన్ రెండూ సుమారు మూడో వంతు తగ్గుతాయి.

ఐసీయూ నుంచి పంపేటప్పుడు

వార్డుకు పంపే కాగితంలో మోతాదులు మాత్రమే రాస్తే సరిపోదు. ఏ మందు సిరలో నడిచింది, ఏ రోజు ట్యూబుకు మారింది, ఏ అంకె ఆధారంగా మోతాదు పెరిగింది, మందులు ఎన్ని రోజులు ఆగాయి అన్నవి స్పష్టంగా ఉండాలి. వాపు దిగాక బరువు మళ్లీ తూచి మోతాదు సరిచూడాలి. మూత్రపిండాలు కోలుకుంటే ఇథాంబుటాల్, పైరజినమైడ్ రోజువారీకి తిరిగి రావాలి, లేకపోతే వారానికి మూడుసార్ల చీటీయే నెలల పాటు సాగిపోతుంది. రోగి మాట్లాడగలిగిన మొదటి రోజే కంటిచూపు, రంగుల తేడా పరీక్షించి, ఆ ఫలితాన్ని చార్టులో రాయాలి. ఏ కారణం చేతనైనా రిఫాంపిసిన్ ఆపవలసి వస్తే, ఎంజైముల మీద దాని ప్రభావం మరో రెండు వారాల్లో దిగిపోతుంది. దాని కోసం పెంచిన స్టెరాయిడ్, రక్తం పలుచన మందు, మత్తు మందు మోతాదులను ఆ రెండు వారాల్లోనే మెట్టుమెట్టుగా తగ్గించాలని, అది ఏ తేదీల్లో జరగాలో కూడా అదే కాగితంలో రాసి పంపాలి.